ఫ్రిజ్ జరపాలి, నేల మీద గీత పడొద్దు.. ఎలా?

రంజాన్ దగ్గరపడుతోందంటే ఇళ్లలో దులుపుడు మొదలవుతుంది. ఏడాదిగా ఫ్రిజ్ వెనక పేరుకున్న మట్టి అప్పుడే తీస్తారు. బక్రీద్ ముందు డీప్ ఫ్రీజర్‌కు చోటు చేయాలి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఇల్లు మారిన ప్రతిసారీ ఇదే పని. ఇద్దరు చెరో పక్క పట్టుకుని ‘బిస్మిల్లా’ అని ఒక్క తోపు తోస్తే ఫ్రిజ్ కదులుతుంది, నిజమే. దాంతోపాటు నేల మీద బారెడు గీత కూడా పడుతుంది. ఖాళీ చేసే రోజు ఓనర్ ఆ గీత చూపించి అడ్వాన్స్‌లో కోత పెడితే, రెండు నిమిషాల తొందరకు వేల రూపాయలు పోతాయి.

గీత ఎందుకు పడుతుంది?

బరువు వల్లే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు అసలు దోషి కాళ్ల కింద ఇరుక్కున్న ఇసుక రేణువు. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్‌కు 7 అయితే, పాలరాయికి 3 మాత్రమే. పాత ఇళ్లలో కనిపించే షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి జాతివి కాబట్టి అవి కూడా మెత్తనివే. పైన అంత బరువు పెట్టి లాగితే ఆ రేణువే ఉలిలా పనిచేస్తుంది. అందుకే మొదటి పని చీపురు పట్టడం, ఆ తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వడం.

విట్రిఫైడ్ టైల్స్ గట్టివి, వాటి మీద గీత త్వరగా పడదు. వాటితో భయం వేరు. కింద సిమెంటు సరిగా పట్టక డొల్లగా ఉన్నచోట, బరువంతా ఒక్క కాలి మీద పడితే టైల్ పగులుతుంది. జరపబోయే దారిలో నాణెంతో తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే అక్కడ ప్లైవుడ్ చెక్క పరచండి. బరువు చెక్కంతా పంచుకుంటుంది.

ముందు ఖాళీ చేయాలి

ప్లగ్ తీసి ఫ్రిజ్‌లో సామాను బయట పెట్టండి. గాజు అరలు తీసేయండి, తలుపును టేపుతో అంటించండి. చాలా ఫ్రిజ్‌లకు వెనక కంప్రెసర్ దగ్గర నీళ్ల ట్రే ఉంటుంది, అది ఒంపకపోతే నేలంతా నీళ్లవుతుంది. కుర్బానీ మాంసంతో నిండిన ఫ్రీజర్‌ను అలాగే జరపొద్దు. అసలు బరువుకు మాంసం బరువు తోడై నేలకూ నడుముకూ ముప్పే.

వాషింగ్ మెషిన్ అయితే కుళాయి కట్టేసి, పైపులు విప్పి, లోపల మిగిలిన నీళ్లు తీయాలి. ఫ్రంట్ లోడ్ మెషిన్లు అదిరిపోకుండా లోపల బరువు దిమ్మెలు పెడతారు. అందుకే వాటిలో చాలావరకు 60 కిలోలు దాటతాయి, ఒక్కరే పట్టుకోవద్దు. వేరే ఇంటికి తీసుకెళ్తుంటే కొన్నప్పుడు విప్పిన ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించాలి.

గ్యాస్‌తో నడిచే కుకింగ్ రేంజ్‌ను జరిపే ముందు రెగ్యులేటర్ కట్టేసి, సిలిండర్ నుంచి తీసేయాలి. ట్యూబ్ తగిలించి ఉండగా లాగితే అది ఊడొచ్చు, చిరగొచ్చు.

ఇక జరపడం

పాత బొంతో, మందపు దుప్పటో మడత పెట్టి దగ్గర ఉంచుకోండి. ఒకరు ఫ్రిజ్‌ను కొద్దిగా వెనక్కి వంచితే, ఇంకొకరు బొంతను ముందు కాళ్ల కిందికి తోయాలి. తర్వాత వెనక కాళ్లకు కూడా అలాగే. చేతులు మాత్రం కిందికి పోనివ్వొద్దు. నాలుగు కాళ్లూ బొంత మీదికి వచ్చాక ఫ్రిజ్‌ను తోయకుండా బొంతనే మెల్లగా లాగండి, ఇంకొకరు ఫ్రిజ్ ఒరగకుండా పట్టుకోవాలి. పాత కార్పెట్ ముక్క ఉంటే దాని నూలు వైపు నేలకు పెట్టండి, ఇంకా సులువుగా జారుతుంది.

కింద చక్రాలున్న ఫ్రిజ్‌లు చాలావరకు ముందుకూ వెనక్కూ మాత్రమే కదులుతాయి. పక్కకు తిప్పితే చక్రం దొర్లదు, గీస్తుంది. చక్రాలకు ముందున్న మరకాళ్లను పైకి బిగించడం కూడా మరిచిపోవద్దు.

కొందరు సబ్బు నీళ్లు పోసి తోస్తారు. ఫ్రిజ్ జారుతుంది, మనిషీ జారతాడు. పక్కనే కరెంటు ప్లగ్ ఉన్నచోట ఈ పని అసలే వద్దు. ఎత్తాల్సి వస్తే నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. గర్భిణులు, నడుం నొప్పి ఉన్న పెద్దలు దూరంగా ఉండటమే మంచిది.

ఫ్రిజ్‌ను ఎక్కువగా వంచొద్దు. తప్పక పడుకోబెట్టి తేవాల్సి వస్తే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. అప్పటికి కంప్రెసర్ నూనె కిందికి దిగుతుంది.

మరక కనిపిస్తే

ఫ్రిజ్ తీశాక కాళ్ల చోట తుప్పు మరకలు కనిపిస్తాయి. పాలరాయి, షాబాద్ బండల మీద బాత్రూం యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ వాడొద్దు. పులుపు ఆ రాయినే తినేసి మెరుపు పోగొడుతుంది. మామూలు సబ్బు నీళ్లతో తుడిచి, పోకపోతే పాలిష్ పనివాళ్లకు చూపించండి.

ఇంట్లో దిగిన రోజే నేల ఫొటోలు తీసి ఓనర్‌కు పంపడం మంచి అలవాటు. పాత గీతల లెక్క మీ మీద పడదు. జాగ్రత్తపడ్డా టైల్ పగిలితే దాని మీద చాప కప్పకుండా వెంటనే చెప్పేయండి. అద్దె ఇల్లు మన చేతిలో ఉన్న అమానత్. పైగా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ ఓనర్ దగ్గర ఉంటే, ఒక్క టైల్ మార్పుతోనే పని అయిపోవచ్చు.