రహీము సాహెబు

1962వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన జకార్తా నగరమున ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోటీ జరిగెను. భారతజట్టు కనబడినంతనే ప్రేక్షకులు కేకలువేసి హేళన చేసిరి. ఇజ్రాయెలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటను భారతీయుడగు గురుదత్త సోంధీ ఆక్షేపించియుండెను. వారి కోపమునకు అదియే కారణము. ఆటగాండ్రు చేసిన తప్పేమియు లేదు. ఎదుట నిలిచినది దక్షిణ కొరియా. మొదటి ఆటలోనే మనవారిని 2-0తో ఓడించిన జట్టది.

భారతజట్టునకు శిక్షకుడు హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో జన్మించిన ఈతడు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి, పిదప ఉపాధ్యాయుడయ్యెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడు కాగా, ఆ జట్టు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచెను. బంతిని కాలివద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదను నియమముతో ఆయన పోటీలు పెట్టించెడివాడు. వాటము లేని కాలితోనే తన్నవలెనను పోటీలును కలవు. చూచువారికివి వింతగా తోచినను, తోడివానికి వెంటనే బంతి నందించు అలవాటు వానివలననే కుదిరినది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన జట్టు స్వర్ణపతకము గెలిచెను. మరుసటియేట హెల్సింకి ఒలింపిక్సునందు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడెను. నాడు మనవారిలో పెక్కురు బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవము పిమ్మటనే బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్న్‌నందు అదే భారతదేశము ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, నాలుగవ స్థానము నొందెను.

ఇక జకార్తా. వెనుకవరుసకు వెన్నెముకవంటి జర్నైల్‌సింగునకు థాయిలాండుతో ఆడునప్పుడు తల పగిలి కుట్లు పడినవి. అంతటివానిని కూర్చుండబెట్టుటకు రహీము ఇష్టపడలేదు. కట్టుతోనే ముందువరుసకు పంపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై ఆతడు గోలు చేసెను. తుదిపోటీలో పి.కె. బెనర్జీ మొదటి గోలు చేయగా, రెండవది మరల జర్నైల్‌సింగుదే. జ్వరమునుండి లేచివచ్చిన పీటర్ తంగరాజు గోలు కాచెను. కొరియా చివర నొకటి మాత్రమే సాధింపగలిగెను. భారతజట్టు 2-1తో గెలిచెను.

పది నెలలైనను నిండకమునుపే, 1963 జూన్ 11న, రహీము ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను. 2023 నాటి హాంగ్‌జౌ క్రీడలవరకును భారత ఫుట్‌బాల్ జట్టునకు ఆసియా క్రీడలలో మరియొక స్వర్ణపతకము రాలేదు.