ఇంగ్లీష్ కామా: ఆగిన చోటల్లా పెట్టేస్తున్నారా..? ఒక్కోసారి అర్థమే మారిపోతుంది!

ఇబ్రహీంపట్నంలో డిప్లొమా పూర్తిచేసిన ఓ కుర్రాడు వీటీపీఎస్‌లో అప్రెంటిస్‌షిప్ కోసం ఇంగ్లీష్‌లో మెయిల్ పెడుతున్నాడనుకుందాం. స్పెల్లింగ్ తప్పులు ఫోనే సరిచేస్తుంది. దొరికిపోయేది కామా దగ్గరే.

‘ఐ కంప్లీటెడ్ మై డిప్లొమా, ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్’.. చాలామంది ఇలాగే రాస్తారు. తెలుగులో ‘డిప్లొమా పూర్తిచేశాను, ఉద్యోగం వెతుకుతున్నాను’ అంటే ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లీష్‌లో అలా కుదరదు. రెండూ పూర్తి వాక్యాలే కాబట్టి వాటిని కలపడానికి ఒట్టి కామా చాలదు. మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదంటే కామా తర్వాత ‘అండ్’ రాయాలి.

ఇంకో తప్పు గమ్మత్తుగా ఉంటుంది. ‘ఐ వుడ్ లైక్ టు ఇన్ఫామ్ యు దట్’ అని రాసి వెంటనే కామా కొట్టేస్తారు. మన అర్జీల్లో ‘తమకు తెలియజేయునది ఏమనగా’ అని ఓ క్షణం ఆగుతాం కదా.. ఆ ఆగడమే ఇంగ్లీష్‌లోకి కామాగా దిగిపోతోంది. అక్కడ అది అక్కర్లేదు. ‘ఊపిరి తీసుకునే చోట కామా’ అని బడిలో చెప్పిన సూత్రం పైకి చదవడానికి పనికొస్తుంది గానీ, రాయడానికి సరిపోదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. ‘వర్కర్స్ హూ సబ్మిటెడ్ ది ఫామ్ విల్ గెట్ బోనస్’ అని కామా లేకుండా నోటీసు పెడితే, ఫారం ఇచ్చినవాళ్లకే బోనస్. ‘వర్కర్స్’ తర్వాత ఒకటి, ‘ఫామ్’ తర్వాత ఒకటి కామా పెడితే, వర్కర్లందరికీ బోనస్!

కోర్టులూ ఇలాగే చూస్తాయి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 27వ సెక్షన్‌లో అప్పట్లో ‘స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్’ అని ఉండేది. మందులు ఊరికే దగ్గర ఉంచుకున్నా నేరమేనా? 1970ల చివర్లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టుకు ఇదే ప్రశ్న ఎదురైంది. ‘స్టాక్స్’ తర్వాత కామా లేదు కాబట్టి ‘ఫర్ సేల్’ దానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. అంటే, అమ్మడానికి నిల్వ పెడితేనే ఆ సెక్షన్ కింద నేరం.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అయితే కామా లేక ఓ కంపెనీకి భారీగా చేతిచమురు వదిలింది. ఏ పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో చెప్పే జాబితా చివర్లో ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉంది. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా లేదు. ‘ఇది ప్యాకింగ్ గురించే, మేం చేసేది డెలివరీ’ అంటూ ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు కేసు వేశారు. 2017లో అప్పీల్ కోర్టు వాళ్లవైపే మొగ్గింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

కోర్టు తీర్పు తర్వాత రాష్ట్రం ఆ సెక్షన్‌ను తిరగరాసింది. ఈసారి జాబితాలో కామాల జోలికే పోలేదు, అన్నిచోట్లా సెమికోలన్లు పెట్టేసింది.