పోలికగల తెగుళ్ళను వేరుపరచు విధము

పైరునకు తెగులు సోకినపుడు మీరు ఆకును, కాండమును, వేరును పరిశీలించి దాని పేరు చెప్పుదురు. ఆ అనుభవము అమూల్యమైనది. అయినను కంటికి ఒక్కటిగా తోచు రెండు తెగుళ్ళకు కారణములు వేరుగా నుండవచ్చును. కారణము వేరైనచో నివారణయు వేరగును. ఆ భేదమును ప్రతిరక్షకములను పదార్థముల సాయమున ఎట్లు తెలిసికొందురో నేడు విన్నవించెదను.

తట్టు ఒకసారి పోసిన బిడ్డకు సాధారణముగా మరల పోయదని మీరెరుగుదురు. మొదటిసారి ప్రవేశించిన రోగకారకమును శరీరము ఆనవాలు పట్టి, దానినే పట్టుకొను పదార్థములను రక్తమున సిద్ధముచేసికొనును. ఇవియే ప్రతిరక్షకములు. ఊరి తలారి తానెరిగిన దొంగను ముఖము చూచి పట్టినట్లు ఇవి తమ శత్రువును పట్టును. మొక్కలయందు ఇట్టి ప్రతిరక్షకములు పుట్టవు. కావున శాస్త్రజ్ఞులు తెగులుసోకిన మొక్కనుండి వైరసును శుద్ధిచేసి కుందేలునకు సూదితో నెక్కింతురు. కొన్ని వారములకు దాని రక్తమున ప్రతిరక్షకములు పుట్టును. వానిని చిన్న గుంటలుగల పలకకు పూసి, అనుమానించిన ఆకురసమును పోయుదురు. ఆ వైరసున్నచో అంటుకొని నిలుచును. లేనిచో కడుగగా ఏమియు మిగులదు. పిదప రంగు పుట్టించు పదార్థముతో కూడిన ప్రతిరక్షకములను మరల చేర్చగా, వైరసున్న గుంట రంగు దేరును. దీనికి ఎలీసా పరీక్షయని పేరు. 1971లో వెలువడిన ఈ పద్ధతిని 1977 నాటికి మొక్కల వైరసులకును వాడిరి.

రావిర్యాల, శంషాబాదు గ్రామములకు హైదరాబాదు ఆవలివైపున పటాన్‌చెరువు గలదు. అచ్చట 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడెను. వేరుశనగకు వచ్చు మొవ్వకుళ్ళు తెగులునకు టమాటా మచ్చల ఎండు వైరసు కారణమని అచ్చటివారు 1979లో తలచిరి. 1992లో ప్రతిరక్షకములతో సరిచూడగా, అది ఆ వైరసునకు దాయాదియే కాని అదే కాదని తేలెను.

2000 సంవత్సరమున వానకాలపు పంటలో అనంతపురము జిల్లాయందు వేరుశనగ మొక్కలు లేతదశలోనే చనిపోసాగెను. దాదాపు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా. చూపునకు తెగులు మొవ్వకుళ్ళును పోలియుండెను. కాని ఆకురసము పొగాకు చారల వైరసు ప్రతిరక్షకములకే చిక్కెను. నేడు దీనిని కాండము కుళ్ళు తెగులని పిలుచుచున్నారు.

ఈ భేదమువలన రైతునకేమి లాభము? రెండింటను తామరపురుగు పాత్ర గలదు. కాని వ్యాపించు దారి వేరు. మొవ్వకుళ్ళు వైరసును పిల్లపురుగు తన శరీరముననే చేర్చుకొని, పెరిగినపిదప మొక్కలకంటించును. కాండము కుళ్ళు వైరసు వయ్యారిభామ పుప్పొడిలో నుండును. ఆ పుప్పొడి తామరపురుగులతో వేరుశనగకు చేరును. వయ్యారిభామ పైకి ఆరోగ్యముగనే కనబడును! కావున కాండము కుళ్ళునకు ముఖ్యమైన పని గట్లపై, బీళ్ళలో వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట. చేనిచుట్టు జొన్న, సజ్జ సాళ్ళు వేయుట. మొవ్వకుళ్ళునకు అదనులో విత్తి, మొక్కలను ఖాళీలు లేక ఒత్తుగా నుంచుట మేలు. సోకిన మొక్కను బాగుచేయు మందు రెండింటికిని లేదు.

వైరసులకే కాదు, బూజు తెగుళ్ళకును ఈ చిక్కు గలదు. గోధుమ గింజకు పట్టు కర్నాలు కాటుక తెగులు 1931లో మనదేశమున ప్రకటింపబడెను. 1996లో అది అమెరికాలో కనబడినపిదప వెదకుచుండగా, రైగడ్డిపై బ్రతుకు వేరొక బూజు రేణువులు గోధుమలలో చిక్కి భ్రమ గొలిపెను. దానిని వేరుజాతిగా 1999లో నిర్ణయించిరి. ఇట్టి దగ్గరి బంధువులకు ఉమ్మడి పదార్థములు మెండు. ఒకదానికై చేసిన ప్రతిరక్షకము రెండవదానినికూడ పట్టవచ్చును. కావున ఒక్కదానికే చెందిన గుర్తును పట్టువానిని ఏరుకొనవలెను. అవసరమైనచో జన్యుపరీక్షతో సరిచూడవలెను.

పెద్దలారా! పోలికను చూచి తీర్పుచెప్పుట న్యాయము కాదని రచ్చబండయొద్ద మీరే చెప్పుదురు. పైరు విషయమునను అదే న్యాయము. తెలియని తెగులు కనబడినపుడు మందు కొనుటకు ముందు సోకిన మొక్కలను కొన్నింటిని తాజాగా తీసి, చేను పేరు, తేదీ వ్రాసి వ్యవసాయాధికారికి చేర్పుడు. రోగము పేరు తెలిసిననాడే సగము వైద్యము జరిగినట్లు. సెలవు.