మీకు తెలుసా? టర్నర్ అంటే తరిణె పట్టేవాడు

విశాఖలో టర్నర్ చౌల్ట్రీ 1880లలో కలెక్టరుగా చేసిన హెచ్.జి. టర్నర్ పేరు మీద వెలిసింది. మధ్యయుగాల ఇంగ్లండులో చెక్కను తరిణె పట్టి గిన్నెలు, కుర్చీకాళ్లు చేసే పనివాళ్ల ఇంటిపేరది. నార్మన్ల ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇప్పటికీ అక్కడ తరచూ వినిపించే ఇంటిపేర్లలో ఒకటి. వలసలతో అమెరికా, ఆస్ట్రేలియాలకూ పాకింది.

ఆ పనితనం చూడాలంటే లండన్ దాకా ఎందుకు? వరాహ నది ఒడ్డున మన ఏటికొప్పాక ఉంది. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఇలా చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉక్కునగరంలో లేతు మిషను మీద ఇనుము చెక్కే ఐటీఐ కుర్రాళ్ల ట్రేడు పేరూ టర్నరే.