పాము దప్పికకు పాలా, నీరా?

నాగులచవితినాడు నెల్లూరు తీరమందలి ఊళ్ళలో జనులు పుట్టలలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి నివేదింతురు. పాము పాలు త్రాగునను నమ్మకము మన దేశమున చాల ప్రాచీనమైనది. పాములవాండ్రు బుట్టలోని త్రాచుచేత పాలు త్రాగించి చూపుటయు కలదు. కంటితో చూచినదానిని కాదనుట ఎట్లు? అయినను, ఆ పాము పాలను ఎందుకు త్రాగుచున్నదో, త్రాగిన పిమ్మట దానికి ఏమగుచున్నదో విచారింపవలసియున్నది.

పిల్లలకు పాలిచ్చి పెంచునవి క్షీరదములు మాత్రమే. పాముపిల్ల తల్లిపాలు ఎరుగదు. పుట్టిన నాటినుండి అది తన ఆహారమును తానే వేటాడుకొనును. ఎలుక, కప్ప, బల్లి మొదలగువానిని నమలక మ్రింగును. దాని జీర్ణరసములు మాంసమునే కాక సన్నని ఎముకలను కూడ కరగించును. కాని పాలలోని చక్కెరయగు లాక్టోజును విడగొట్టుటకు వలసిన లాక్టేజు అను ఎంజైము దానికి లేదు. అరుగని ఈ చక్కెర ప్రేగులలో పులియును, ఒడలిలోని నీటిని ప్రేగులలోనికి లాగును, విరేచనములు పట్టుకొనును. దప్పిక తీరునని పోసిన పాలు ఉన్న నీటిని కూడ పోగొట్టును.

మరి బుట్టలోని త్రాచు పాలు ఎందుకు త్రాగును? పండుగకు ముందు దానికి చాల దినములు నీరు పెట్టరు. అట్లు ఎండిన పాము ఎదుట ఏ ద్రవమున్నను త్రాగును. అది పాలపై ప్రీతి కాదు, దప్పిక బాధ. పాము శ్వాసద్వారము నోటి అడుగుననే యుండును. బలవంతముగా పోసిన పాలు అందులోనికి దిగినచో న్యుమోనియా కలిగి పాము చచ్చును.

పాము నీటిని ఎంతో పొదుపుగా వాడుకొనును. మానవుడు యూరియాను చాల నీటిలో కరగించి మూత్రముగా విడుచును. పాము యూరికామ్లమును సున్నమువంటి తెల్లని ముద్దగా విసర్జించును. అది తినిన ఎలుక ఒడలిలో మూడింట రెండు వంతులు నీరే. అయినను ఆ నీరు మాత్రమే చాలదు. నీరు తగ్గినపుడు చర్మము ముడుతలు పడును. కన్నులు లోతుకు పోవును. నోటిలో జిగురు చిక్కబడును. కుబుసము ఒక్కమారుగా ఊడక ముక్కలుగా అంటియుండును. యూరికామ్లము మూత్రపిండములలో పేరుకొనును.

ఈ దప్పిక నేలమీది పాములకే కాదు, సముద్రపు పాములకును కలదు. తీరమున జాలరుల వలలలో ఇవియు చిక్కుచుండును. వీనికి నాలుక క్రింద ఉప్పును వెలికిపంపు గ్రంథి యుండుటచే, ఇవి సముద్రజలమునే త్రాగునని చాలకాలము తలచిరి. కాని మధ్య అమెరికాలోని కోస్టారికా తీరమున పసుపుపొట్ట సముద్రసర్పములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2014లో వేరు సంగతి తెలిపిరి. ఈ పాము ఎంత దప్పికగొన్నను ఉప్పునీరు త్రాగదు. వాన లేని నెలలలో ఓర్చుకొని, వాన కురిసినపుడు సముద్రముపై తేలు మంచినీటిని త్రాగును. బుట్టలోని త్రాచుకు ఆ వాన రాదు.

జీర్ణక్రియకు నీటితోపాటు వెచ్చదనమును కావలెను. పాము ఒడలి వేడిమి పరిసరములనుబట్టి మారును. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద జీర్ణక్రియ చురుకుగా సాగును. చలిలో అది మందగించి, మ్రింగిన ఎలుక కడుపులోనే కుళ్ళనారంభించును. పాము దానిని కక్కివేయును. మేసిన వెంటనే ఎత్తి ఆడించినను కక్కును. దానితో జీర్ణరసములు, నీరు కూడ పోవును గనుక వెంటనే మరల మేపరాదు.

ఇతర దేశములలో కొన్ని జాతుల పాములను ఇండ్లలో పెంచుదురు. అట్టివానికి జబ్బుచేసినపుడు పశువైద్యులు మొదట నీరు, పిదప వెచ్చదనము, అటుపిమ్మట సుమారు 10 దినముల విశ్రాంతి ఇచ్చి, ఆపైన చిన్న ఎలుకను పెట్టింతురు. ఎండిన పామును లోతులేని గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచుదురు. స్థితి విషమించినచో సూదిద్వారా లవణజలము ఎక్కింతురు.

మన దేశమున త్రాచు, రక్తపింజర, జెర్రిపోతు మొదలగువానిని పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. నీరసించిన పాము కనబడినచో దానిని ముట్టక అటవీశాఖకు తెలుపవలెను. నీరసించిన త్రాచు కూడ కాటువేయగలదు. వరిపొలములలో ఎలుకలను తిను జెర్రిపోతు రైతుకు మేలుచేయుచున్నది. దానికి చేయదగిన మేలు స్వల్పము: బుట్టలో బంధింపకుండుట. కాలువ నీటిని అది తానే వెదకికొనును.