పాట ఎక్కడ ఆగిపోయింది? – సొంత రికార్డింగులో వచ్చే చిక్కులు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు ముందు కవిత రాద్దామనే అనుకున్నాను. సరిగ్గా అదే వారంలో పదో తరగతి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, వార్షికోత్సవానికి మన పాటలు రికార్డు చేద్దామని మైకు పెట్టినం. ఎంత గట్టిగ పాడినా కంప్యూటర్ల గీత కదుల్తలేదు" అన్నాడు. అరగంట మాట్లాడాక తేలిందేమిటంటే, మైకు పిన్ను ఆకుపచ్చ సాకెట్‌లో ఉంది. అది స్పీకర్లకు పెట్టేది. గులాబీ రంగు సాకెట్‌లోకి మార్చగానే గీత లేచి ఆడింది. అవతల పిల్లలందరూ కేకలు వేయడం నాకు ఫోన్లో వినిపించింది. కవితలు మన సంచికలో ఎలాగూ బాగానే వస్తాయి. అందుకని ఈ సంగతులే రాస్తున్నాను.

నేను ఆరు నుంచి పది దాకా ఈ హాస్టల్లోనే చదివాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు కాబట్టి కంప్యూటర్ గురించి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మొదటిసారి నా పాత లాప్‌టాప్‌లో మైకు పనిచేయకపోతే ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. సౌండ్ కార్డు కాలిపోయిందని 1500 రూపాయలు అడిగారు. అంత డబ్బు లేక వెనక్కి తెచ్చుకున్నాను. కారణం తర్వాత తెలిసింది. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోట మైక్రోఫోన్‌కు అనుమతి ఆపేసి ఉంది. ఒక్క క్లిక్కు పని. మన దగ్గర డబ్బు లేకపోవడం ఒక్కోసారి మంచిదే అయింది!

మా ఊళ్ళో చివరి మడికి నీళ్ళు రాకపోతే మోటారును తిట్టుకుంటూ కూర్చోరు. కాలువ గట్టు వెంబడి పైకి నడుచుకుంటూ పోయి ఎక్కడ తెగిందో, ఎక్కడ పూడిందో చూస్తారు. రికార్డింగ్ కూడా అంతే. పాట నోట్లోంచి గాలిలోకి, గాలిలోంచి మైకులోకి, తీగలోకి, సాకెట్‌లోకి, సౌండ్ కార్డులోకి, విండోస్‌లోకి, సాఫ్ట్‌వేర్‌లోకి, చివరికి ఫైలులోకి వెళుతుంది. ఎక్కడ ఆగిందో మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. ఒకేసారి మూడు మార్చితే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, రేపు మళ్ళీ చెడిపోతే మళ్ళీ మొదటికే వస్తాం.

గీత అసలు కదలకపోతే ముందు పిన్ను చూడండి. సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే నాలుగు ముక్కలు. అందులో ఒక ముక్క మైకుది. మన కంప్యూటర్ గదిలోని సీపీయూలకు మైకు సాకెట్ వేరు, స్పీకర్ సాకెట్ వేరు కాబట్టి ఇయర్‌ఫోన్ నేరుగా పెడితే మైకు పలకదు. రెండు కొమ్ములుగా చీలే చిన్న తీగ దొరుకుతుంది, అది కావాలి. పొడవాటి స్టూడియో మైకుల్లో, అంటే కండెన్సర్ మైకుల్లో చాలావాటికి 48 వోల్టుల కరెంటు మైకు తీగ ద్వారానే అందాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె మీద 48 అని రాసిన బటన్ దానికోసమే. అది నొక్కకపోతే ఆ మైకు మూగది. సభల్లో చేత్తో పట్టుకునే మైకుకు ఈ కరెంటు అవసరం లేదు.

తీగలన్నీ సరిగ్గా ఉన్నా గీత లేవకపోతే సాఫ్ట్‌వేర్ ఏ మైకును వింటున్నదో చూడండి. నేను వాడేది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలై 2000లో విడుదలైంది, ఇప్పటికీ ఉచితం. మనం వేరే మైకు తగిలించినా అది లాప్‌టాప్ లోపలి మైకునే వింటూ ఉండవచ్చు. పరీక్ష తేలిక. తగిలించిన మైకు మీద గోరుతో మెల్లగా గీకండి, తర్వాత లాప్‌టాప్ మీద గీకండి. దేనికి గీత ఎక్కువ లేస్తే అదే వింటున్నట్టు. సాఫ్ట్‌వేర్ తెరిచాక మైకు తగిలిస్తే కొన్నిసార్లు గుర్తించదు. మూసి మళ్ళీ తెరవండి.

ఇక అసలు విషయం. గీత కదలకపోవడం కన్నా అది మరీ ఎక్కువగా లేవడమే పెద్ద ప్రమాదం. కదలకపోతే అప్పుడే తెలిసిపోతుంది. ఎక్కువైతే ఇంటికెళ్ళి విన్నాక గానీ తెలియదు.

మా నాయనమ్మ నాట్లప్పుడు పాటలెత్తుకునేది. ఆమె పాడితే పది మంది అందుకునేవాళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో ఆమెను కూర్చోబెట్టి రికార్డు చేశాను. పొలంలో వంగి పాడే మనిషి, కుర్చీలో కూర్చోబెడితే సిగ్గుపడి గొంతు పెగలలేదు. "ఏందిరా బిడ్డా, నా పాట గా డబ్బాల పడ్తదా?" అని నవ్వింది. ఆ మెల్లని గొంతు అందడం కోసం విండోస్‌లో మైక్ బూస్ట్ అనే దాన్ని 30 డెసిబెల్‌కు పెంచాను. అంటే వచ్చే సిగ్నల్‌ను సుమారు 32 రెట్లు చేయడం. రెండు పాటలయ్యాక ఆమెకు సిగ్గు పోయింది. గొంతు తెరుచుకుంది. మొత్తం పదకొండు పాటలు పాడింది. గీత ఎర్రగా మారుతోందని సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ తగ్గించాను. ఎరుపు పోయింది కదా, అంతా బాగుందనుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినలేదు.

మూడు రోజుల తర్వాత నా గదిలో విన్నాను. మూడో పాట నుంచి గొంతు పగిలిన రేకు మీద కొట్టినట్టుంది.

ఏం జరిగిందో చెబుతాను. కంప్యూటర్ ధ్వనిని అంకెలుగా రాసుకుంటుంది. 16 బిట్ల రికార్డింగ్‌లో ఆ అంకె మైనస్ 32768 నుంచి ప్లస్ 32767 లోపే ఉండాలి. అంతకు మించిన ధ్వని వస్తే అన్నింటికీ అదే చివరి అంకె వేస్తుంది. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో గీసిన తరంగం గుర్తుంది కదా, దాని తలను కత్తితో సమంగా కోసేసినట్టు అవుతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. నా తప్పు ఏమిటంటే, తల తెగింది బూస్ట్ దగ్గర, నేను తగ్గించింది దాని తర్వాత ఉన్న వాల్యూమ్. తల తెగిన తరంగాన్ని చిన్నగా చేశానంతే. చిన్నది కాబట్టి ఎరుపు రాలేదు. అందుకే రంగును నమ్మకండి. తరంగాన్ని పెద్దగా చేసి చూడండి. పైభాగం గోపురంలా గుండ్రంగా ఉంటే మంచిది, డాబా ఇల్లులా చదునుగా ఉంటే చెడిపోయినట్టే. తగ్గించాల్సింది ఎప్పుడూ మైకుకు దగ్గరగా ఉన్న మీటను, అంటే ముందు బూస్ట్‌ను. లేదా మైకునే కొంచెం దూరం జరపాలి.

సంక్రాంతికి మళ్ళీ పాడించుకుందాం అనుకున్నాను. సంక్రాంతి రాకముందే నాయనమ్మ చనిపోయింది. ఆడాసిటీలో క్లిప్ ఫిక్స్ అని ఒకటుంది. తెగిన తల ఎలా ఉండి ఉంటుందో అది ఊహించి గీస్తుంది. దానితో కొంత మెరుగైంది, మాటలు తెలుస్తున్నాయి, బాణీ తెలుస్తోంది. ఆ తొమ్మిది పాటలనూ నోటుబుక్కులో రాసిపెట్టాను. కానీ ఆమె గొంతు బాగా తెరుచుకుని పాడిన పాటలే పోయాయి. సిగ్గుపడుతూ పాడిన రెండే చక్కగా ఉన్నాయి.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పాడేవాళ్ళను ముందు అన్నింటికంటే గట్టిగా పాడే చరణం పాడమనండి. అప్పుడు గీత మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడేలా పెట్టుకోండి. తక్కువైందని భయపడొద్దు. తక్కువైనదాన్ని తర్వాత పెంచుకోవచ్చు, తెగినదాన్ని అతికించలేం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంటర్‌ఫేస్‌లోనూ 24 బిట్లు ఉంటే అదే ఎంచుకోండి, ఇంకా జాగా దొరుకుతుంది. డప్పుకు మరీ జాగ్రత్త. దెబ్బ పడిన క్షణంలో లేచే ధ్వని కళ్ళు మూసి తెరిచేలోపు పోతుంది, మన గీత చూపించేలోపే తల తెగుతుంది. డప్పును మైకుకు నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, పాడేవాళ్ళను దగ్గర పెట్టండి. ఇంకోమాట, డప్పు కాచిన తర్వాత తీగలు సర్దుకోవడం మొదలుపెట్టకండి. మీరు సర్దేలోపు చర్మం చల్లారి శబ్దం మారిపోతుంది. అన్నీ సరిచూసుకున్నాకే మంట పెట్టండి.

వార్షికోత్సవం రోజు మైకుసెట్టు నుంచి నేరుగా రికార్డు చేయాలంటే, మిక్సర్ మీద లైన్ అవుట్ అనో రికార్డ్ అవుట్ అనో రాసి ఉన్న దగ్గర్నుంచి తీగ తెచ్చి సీపీయూ వెనక నీలం సాకెట్‌లో పెట్టాలి. గులాబీలో పెడితే పగిలిన శబ్దమే వస్తుంది, ఎందుకంటే అది మైకు ఇచ్చే చిన్న సిగ్నల్ కోసం చేసింది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు వెళ్ళే తీగను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కంప్యూటర్‌కు తగిలించొద్దు. సభల్లో వాడే ఆంప్లిఫయర్లలో కొన్నింటికి 70, 100 వోల్టుల అవుట్‌పుట్ ఉంటుంది. అప్పుడు నిజంగానే సౌండ్ కార్డు కాలిపోతుంది.

గుయ్‌మని ఒకటే మోత వస్తుంటే అది కరెంటుది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ శబ్దమే తీగల్లో చేరుతుంది. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. చాలా భవనాల్లో మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది గానీ లోపల ఎర్త్ తీగ ఉండదు. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా మోత పెడుతుంది, కాబట్టి ఆ మూడు నిమిషాలు చెమట పట్టినా సరే ఫ్యాన్ ఆపండి. ట్ట్‌ట్ట్ ట్ట్‌ట్ట్ అని మధ్యమధ్యలో వస్తే ఎవరి జేబులోనో 2జీ ఫోన్ ఉంది. బయట పెట్టి రమ్మనండి.

గది గోడలు బోసిగా ఉంటే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు వెతక్కండి. మన హాస్టల్లో దుప్పట్లకు కొదవా? పాడేవాళ్ళ వెనకా పక్కలా తాళ్ళు కట్టి వేలాడదీయండి.

ముందే రికార్డు చేసిన డప్పు వింటూ పైన పాట పాడితే, పాట వెనకబడినట్టు వస్తుంది. పాడేవాడికి తాళం రాదని తిట్టకండి, ముందు హెడ్‌ఫోన్ చూడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో శబ్దం సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. తాళం తప్పడానికి అది చాలా ఎక్కువ. పైగా బ్లూటూత్ మైకు వాడితే పాట మొత్తం ఫోన్ మాటల నాణ్యతకు పడిపోతుంది. తీగ ఉన్నదే వాడండి. అప్పటికీ కొంత ఆలస్యం ఉంటుంది, దానికి కారణం బఫర్. కంప్యూటర్ ధ్వనిని దోసెడు దోసెడుగా తీసుకుంటుంది. సెకనుకు 44100 నమూనాల లెక్కన 256 నమూనాల దోసెడు నిండడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు, 1024 అయితే 23. దోసెడు చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది గానీ పాత కంప్యూటర్‌కు ఊపిరాడక చిటపటలు వస్తాయి. పాడేటప్పుడు చిన్నది, తర్వాత కలిపేటప్పుడు పెద్దది పెట్టుకోండి. చిటపటలు తగ్గాలంటే ఇంటర్నెట్ ఆపి, మిగతావన్నీ మూసేయండి. ఆడాసిటీలో ఎంత వెనకబడిందో కొలిచి ఆ ట్రాకును అంత ముందుకు జరపవచ్చు. మొదట్లో ఒక్క చప్పట్ కొట్టించి ఉంచుకుంటే ఆ కొలత తేలిక.

పాట మందంగా, శ్రుతి దిగిపోయి వినిపిస్తే 48000లో రికార్డు చేసి 44100గా వినిపిస్తున్నారన్నమాట. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల 16 సెకన్లవుతుంది, హార్మోనియం మీద దాదాపు మెట్టున్నర కిందికి దిగుతుంది. విండోస్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకే అంకె పెట్టండి. ఇక హార్మోనియం శ్రుతి పట్టుకుంటే అది కాసేపటికి దానంతటదే మాయమైపోతుంటే, మైకు సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. ఆగకుండా వచ్చే ఏ శబ్దమైనా దానికి ఫ్యాన్ మోతే!

దాచుకోవడం గురించి రెండు ముక్కలు. అసలు రికార్డింగ్‌ను వేవ్ ఫైలుగా ఉంచండి, నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. ఎంపీ3 పంచడానికే. మన కంప్యూటర్ గదిలో ఆడాసిటీ పాత వెర్షన్ ఉంది. 2021లో వచ్చిన 3.0కు ముందు వాటిలో ప్రాజెక్టు ఫైలు ఒకటి, దాని పక్కన డేటా ఫోల్డర్ ఒకటి ఉంటాయి. పాట ఉన్నది ఫోల్డర్‌లో. చిన్న ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే ఖాళీ గీతలే మిగులుతాయి.

ఈసారి నేను ముందు రోజు సాయంత్రం బస్సుకే వస్తున్నాను. నీలం సాకెట్‌కు పెట్టే తీగ, చీలిక తీగ నేను తెస్తాను. డప్పు కాచడానికి గడ్డి, వేలాడదీయడానికి పది దుప్పట్లు మీరు సిద్ధంగా ఉంచండి.