పంచుకుంటేనే బతికే పువ్వు!

పేరు పలకాలంటేనే నాలుక మడతపడుతుంది... రోడోడెండ్రాన్! గ్రీకు భాషలో 'గులాబీ చెట్టు' అని అర్థం. ఊటీ వెళ్లినవాళ్లు దొడ్డబెట్ట దారిలో ఎర్రటి పూలగుత్తుల చెట్లు చూసే ఉంటారు. అది నీలగిరి రకం. నర్సరీల్లో కుండీల్లో కనిపించే అజేలియాలూ ఈ కుటుంబానివే. అయితే ఇప్పుడు మనం చెప్పుకోబోయేది వీటి ఉష్ణమండలపు చుట్టాల గురించి, వాటికోసం ఏకంగా క్లబ్బే పెట్టుకున్న మనుషుల గురించి.

చెట్టు మీద చెట్టు

ఈ చుట్టాల పేరు విరేయా. 300కి పైగా జాతులున్నాయి. న్యూగినీ, బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ వీటి పుట్టిళ్లు. ఉష్ణమండలం అనగానే మన మే నెల ఎండ గుర్తొస్తుంది కదూ? ఇవి అలా కాదు. పొగమంచు కమ్మిన కొండ అడవుల్లో, చాలావరకు చెట్ల కొమ్మల మీద, నాచులో వేళ్లూని ఆర్కిడ్‌లలాగే బతుకుతాయి. నారింజ, పసుపు, గులాబీ, ఎరుపు... ఎన్ని రంగులని! కొన్నిటికి చక్కటి వాసన కూడా. ఏడాదికోసారే పూయాలన్న నియమమూ లేదు.

అమెరికన్ రోడోడెండ్రాన్ సొసైటీకి హవాయిలో ఒక శాఖ ఏర్పడిందంటే ఆశ్చర్యం లేదు. కిలవేయా అగ్నిపర్వతం పక్కనున్న వోల్కానో అనే ఊరు 3,500 అడుగులకు పైనే ఉంటుంది. చల్లదనం, వాన, నీళ్లు నిలవని లావా కంకర... విరేయాకు ఇంతకంటే ఏం కావాలి?

వందల రకాలు ఏమయ్యాయి?

1840ల్లో థామస్ లాబ్ అనే ఆయన ఇంగ్లండులోని వీచ్ నర్సరీకి ఈ మొక్కలు పంపాడు. వాళ్లు వందలకొద్దీ సంకర రకాలు తయారుచేశారు. గొప్పింటివాళ్లు అద్దాల గదులు కట్టి, బొగ్గు మండించి మరీ పెంచారు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బొగ్గూ కరువే, తోటమాలులూ కరువే. రకాలన్నీ ఒక్కొక్కటే పోయాయి. 'ప్రిన్సెస్ అలెగ్జాండ్రా'లాంటివి గుప్పెడే మిగిలాయి.

విత్తనం దాచుకోలేకపోయారా అంటారేమో. సంకర రకానికి విత్తనం వేస్తే తల్లి పోలికే వస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మ ముక్క నాటితేనే అదే పువ్వు. ఆ కొమ్మ ఇంకెవరి ఇంట్లోనూ లేకపోతే, మొక్కతోపాటే రకమూ పోయినట్టే!

అందుకే ఇలాంటి క్లబ్బుల్లో అసలు పని కొమ్మలు పంచుకోవడమే. సభ్యులు పూసిన గుత్తులు తెచ్చి బల్లమీద పెడతారు. పేరు చీటీ లేని మొక్కకు పేరు వెతుకుతారు (ఇక్కడే వాదనలు!). మొక్కలమ్మి క్లబ్బు ఖర్చులు గడుపుకుంటారు. సొసైటీ తరఫున విత్తనాల మార్పిడీ ఉంది. కొత్త రకం పుట్టిస్తే లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీలో పేరు నమోదు చేయించుకోవచ్చు. అడవి జాతులకూ ఈ ఇంటితోటలు కొంత అండ. 2011లో వచ్చిన ఎర్రజాబితా లెక్కన ప్రపంచంలోని రోడోడెండ్రాన్‌లలో నాలుగోవంతు ప్రమాదంలో ఉన్నాయి మరి.

కొమ్మ నాటేదిలా

మరీ లేతగా, మరీ ముదురుగా లేని కొమ్మ తీసుకోవాలి. కింది ఆకులు తుంచి, మొదట్లో బెరడు కాస్త గీరి, వేర్లు పుట్టించే హార్మోను పొడి అద్దాలి. పీట్, పెర్లైట్ కలిపిన మిశ్రమంలో గుచ్చి, పాలిథిన్ సంచి కప్పి నీడలో ఉంచాలి. వేళ్లు రావడానికి నెలలు పడుతుంది, తొందరపడి పీకి చూడొద్దు. తర్వాత కుండీలో బెరడు ముక్కలు ఎక్కువగా ఉండాలి. మొక్కను లోతుగా పాతకూడదు. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లి, ఎంత ముచ్చటపడి పెంచినా చేజారిపోతుంది.

ఇంతకీ మన విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో పెంచొచ్చా? ఆ ఎండలకి కష్టమే. ఊటీ నుంచి ముచ్చటగా తెచ్చుకున్నా వేసవి దాటడం అనుమానమే. మీవాళ్లెవరైనా కొండమీది చల్లటి ఊళ్లో ఉంటే మాత్రం ఓ కొమ్మ వాళ్ల చేతికివ్వండి. పేరు చీటీ కట్టి ఇవ్వడం మరిచిపోకండి.